నా మాటలు నేనే రికార్డు చేసుకుని విన్నాను: నాలుగేళ్ల వాడకం తర్వాత

నేను ఉమ్మడి నల్గొండ జిల్లాలో వ్యవసాయ విస్తరణ అధికారిని. పత్తి వేసిన దగ్గర్నుంచి వారానికి కనీసం రెండుసార్లు రైతు వేదికలోనో, ఊరి చావడి దగ్గరో నిలబడి మాట్లాడాలి. 2021 వానాకాలం నుంచి ఫోన్‌లో ఉండే మామూలు రికార్డర్‌తో ఆ మాటలన్నీ రికార్డు చేసుకుని వింటున్నాను. నలుగురిలో మాట్లాడేటప్పుడు మన బలమేంటో, లోపమేంటో ఇలా తెలుస్తుందా అని కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు అడుగుతుంటారు. తెలుస్తుంది. కాకపోతే మనం ఊహించుకున్నవి ఒకటి, బయటపడేవి ఇంకొకటి.

మొదటిసారి రెండు నిమిషాలు విని ఆపేశాను. గొంతు సన్నగా, ఎవరిదో అన్నట్టుంది. మన మాట మనకు గాలిలోంచే కాదు, పుర్రె ఎముకల్లోంచి కూడా చేరుతుంది. ఎముకలు బరువైన స్వరాలను బాగా మోస్తాయి కాబట్టి మన గొంతు మనకు నిండుగా వినిపిస్తుంది. రికార్డులో ఆ భాగం ఉండదు. అది లోపం కాదని తెలిసినా, అలవాటు పడటానికి నాకు పది పన్నెండు రికార్డింగులు పట్టింది. ఇక్కడే చాలామంది మానేస్తారు. దయచేసి మానకండి.

నాకున్న లోపం సభాపిరికితనం అనుకునేదాన్ని. చేతులు చల్లబడేవి, గుండె దడదడలాడేది. తీరా వింటే ఆ భయం గొంతులో ఎక్కడా లేదు. ఉన్నది వేరే. వాక్యం చివరికి వచ్చేసరికి నా ఊపిరి అయిపోయి మాట మింగేస్తున్నాను.

అది ఎంత పెద్ద తప్పో ఒక రోజు అర్థమైంది. పత్తిలో తొలి దశలో సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్టొద్దని చెప్పాను, కొడితే ఆకుల రసం పీల్చే తెల్లదోమ పెరుగుతుంది కాబట్టి. అయిపోయాక ఒక రైతు దగ్గరికొచ్చి, "ఎన్ని రోజులకు కొట్టాలె మేడమ్ ఆ మందు?" అన్నాడు. అతను సరిగా వినలేదనుకున్నాను. రాత్రి రికార్డు వేస్తే "సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కొట్ట..." వరకే ఉంది. "వద్దు" లేదు. మన భాషలో అవునా కాదా అన్నది వాక్యం చివర్లోనే ఉంటుంది. తోక మింగితే అర్థమే తలకిందులవుతుంది. మర్నాడు పొద్దున్నే అతనికి ఫోన్ చేసి చెప్పాను. అప్పటినుంచి వద్దన్న మాట వస్తే ముందు ఊపిరి తీసుకుంటా, మాట రెండుసార్లు చెప్తా. ఒక్క ఈ సంగతి తెలిసినందుకే ఈ పద్ధతికి రుణపడి ఉన్నాను.

ఊతపదాల సంగతి తేలిగ్గా దొరుకుతుంది. తొలి రికార్డులో 22 నిమిషాల్లో "అన్నమాట" 61 సార్లు వచ్చింది, నోట్‌బుక్‌లో గీతలు పెట్టి లెక్కేశాను. ఇప్పుడు ఏడెనిమిదికి మించదు. "చూడుండ్రి" మాత్రం ఉంచుకున్నా, అది విన్నప్పుడు జనం తలెత్తుతారు.

బలం కనుక్కోవడం దీనికంటే కష్టం. తప్పు చెవికి గుచ్చుకుంటుంది, బాగున్నది నిశ్శబ్దంగా జారిపోతుంది. ఏడాది తర్వాత నా గొంతు వదిలేసి, రికార్డులో జనం చప్పుడు మాత్రమే వినడం మొదలుపెట్టాను. "ఆర్థిక నష్ట పరిమితి" (పురుగు ఎంతకు చేరితే మందు కొట్టాలో చెప్పే హద్దు) అన్నచోట దగ్గులు, కుర్చీలు జరిపే చప్పుడు. ఒకచోట వెనక నుంచి ఓ పెద్దాయన గొంతు స్పష్టంగా పడింది: "బిడ్డా, అవన్ని మంచిగనే ఉన్నయి. మందెప్పుడు కొట్టాల్నో చెప్పు." అక్కడ నేను కాగితం పక్కన పెట్టి, లింగాకర్షక బుట్టలో (మగ పురుగులను వాసనతో రప్పించే ఎర బుట్ట) రోజుకు 8 రెక్కల పురుగులు చొప్పున వరుసగా 3 రోజులు పడితే, లేదా వంద పూలల్లో పది గుడ్డి పూలు, అంటే పురుగు పట్టి విచ్చుకోనివి, కనిపిస్తే పత్తి కాయ తొలిచే గులాబీ రంగు పురుగుకు మందు కొట్టమని చెప్పాను. ఆ రెండు నిమిషాలూ హాల్లో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. నా బలం జవాబు చెప్పడంలో ఉంది, ఉపన్యాసంలో కాదు. ఇప్పుడు పది నిమిషాలు చెప్పి, మిగతా సమయమంతా ప్రశ్నలకే ఇస్తున్నా.

వాడేవాళ్లకు కొన్ని మాటలు. ఫోన్ ఫ్యాను కింద పెట్టొద్దు, గాలి హోరు తప్ప ఏమీ పడదు. ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి, ఒక కాల్ వచ్చి నాకు సగం సభ పోయింది. అదే రాత్రి వినకండి, ఒక రోజు ఆగితే మనసు కాస్త కుదుటపడి ఉంటుంది. పైన నేను తొందరపడి విన్నది రైతు ప్రశ్న వల్ల.

దీనికి అందనివీ ఉన్నాయి. నా కళ్లు ఎటు చూస్తున్నాయో ఆడియో చెప్పదు. ఎప్పుడూ కుడివైపు కూర్చున్న మగవాళ్ల వైపే చూసి మాట్లాడుతున్నానని ఒక మహిళా సంఘం అక్క చెబితేనే తెలిసింది. వీడియో ప్రయత్నించాను గానీ కెమెరా ఉందని తెలిస్తే నేనూ బిగుసుకుపోతా, రైతులూ నోరు విప్పరు. అందుకే చివరి వరుసలో కూర్చున్న ఒకరిని ప్రతిసారీ అడుగుతా. "ఎట్లుంది?" అని కాదు, అలా అడిగితే "మంచిగుంది మేడమ్" అనే అంటారు. "ఏం యాదికున్నది?" అని అడుగుతా. మొన్న ఆ అక్కనే అడిగితే, "వంద పూలల్ల పది" అంది.