కెన్యాలో పద్నాలుగు రోజులు: మోసుకెళ్లినవి, పనికొచ్చినవి

కళ్లద్దాల క్యాంపు రెండో రోజు మధ్యాహ్నానికే 2.5 పవర్ అద్దాలు అయిపోయాయి. బయట చెట్టు కింద ఇంకా నలభైమంది దాకా కూర్చునే ఉన్నారు. మా దగ్గర మిగిలింది నాలుగు సూట్‌కేసుల పిల్లల టీ షర్టులు, రంగు పెన్సిళ్లు. సేవకీ సువార్తకీ అని వెళ్లిన ఈ మిషన్ ట్రిప్ ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే నాకు ముందు గుర్తొచ్చేది ఆ సూట్‌కేసులే.

తొమ్మిదిమందిమి వెళ్లాం. నైరోబీలో రెండు రాత్రులు, పశ్చిమ కెన్యాలో కిసుము నగరం దాటాక మసేనో దగ్గర ఒక పల్లెలో తొమ్మిది, తిరుగు దారిలో నైవాషా సరస్సు పక్కన రెండు.

కాగితాల గురించి ముందే చెప్పాలి. 2024 జనవరి నుంచి కెన్యాకి వీసా బదులు ఈటీఏ అనే ఆన్‌లైన్ అనుమతి తీసుకోవాలి. ఎల్లో ఫీవర్ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్ చెల్లదు. జీతం లేని సేవే కదా, టూరిస్టులమని రాసేద్దాం అన్నారు మా నిర్వాహకులు. అక్కడి పాస్టర్‌గారు ఒప్పుకోలేదు, స్పెషల్ పాస్ అనే తాత్కాలిక పని అనుమతి తీసుకుని రమ్మన్నారు. రెండు వారాలు టెన్షన్ పడ్డాం గానీ, ఆయన చెప్పిందే సరైన దారి. ఇంకో మాట, సామాను పాలిథిన్ సంచుల్లో సర్దకండి. 2017 ఆగస్టు నుంచి అక్కడ ప్లాస్టిక్ క్యారీ బ్యాగులు నిషేధం. మేం కొన్ని ఎయిర్‌పోర్టులోనే విప్పేసి వదిలేయాల్సి వచ్చింది.

నైరోబీ గెస్ట్ హౌస్ శుభ్రంగా ఉంది, వేడినీళ్లొచ్చాయి, అంతకుమించి చెప్పడానికేం లేదు. అక్కడినుంచి కిసుముకి సుమారు 350 కిలోమీటర్లు, వ్యాన్‌లో రోజంతా పట్టింది. రిఫ్ట్ వ్యాలీ లోయలోకి దిగాక మై మహియు దగ్గర రోడ్డు పక్కనే ఒక బుల్లి చర్చి కనిపిస్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఖైదీలుగా ఆ రోడ్డు వేసిన ఇటాలియన్ సైనికులు 1942లో కట్టుకున్నారు. మాకు అక్కడ పది నిమిషాలే ఇచ్చారు, నాకైతే గంట కావాలనిపించింది.

పల్లెలో నేనూ ఇంకో అమ్మాయీ ఒక పెద్దావిడ ఇంట్లో ఉన్నాం. వాననీళ్ల ట్యాంకు, బకెట్ స్నానం, పెరట్లో మరుగుదొడ్డి, రాత్రి సోలార్ దీపం. రోజూ ఉగాలీ అనే మొక్కజొన్న పిండి ముద్ద, సుకుమా వికీ అనే ఆకుకూర, అప్పుడప్పుడు సరస్సు చేప. విక్టోరియా సరస్సు చుట్టుపక్కల మలేరియా ఎక్కువ, దోమతెర లేకుండా ఒక్క రాత్రి కూడా పడుకోకూడదు. డాక్సీసైక్లిన్ మాత్రలు తిరిగొచ్చాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. సౌకర్యంగా లేదనను. కానీ నాలుగో రోజు తెల్లవారుజామున లేచి చూస్తే ఆవిడ వంటింట్లో చాప మీద పడుకుని ఉంది. మేం పడుకుంటున్నది ఆవిడ మంచం! మేం కట్టిన ఫీజులో వసతి ఖర్చు కూడా ఉంది. అందులో ఆవిడకి ఎంత ముట్టిందని నిర్వాహకుల్ని రెండుసార్లు అడిగాను. ప్రార్థన చేద్దాం అన్నారు.

ఇక పని సంగతి. మసేనోలో చర్చ్ మిషనరీ సొసైటీ వాళ్లు బడి పెట్టింది 1906లో. అలాంటి చోటికి సువార్త మేమే మోసుకొచ్చినట్టు స్కిట్లు ప్రాక్టీస్ చేసి వెళ్లాం. ఆదివారం ఆరాధన నాలుగు గంటలు సాగింది. ఆ పాటల తర్వాత మా స్కిట్ వెలవెలబోయింది. అయినా సంఘమంతా ఓపిగ్గా చప్పట్లు కొట్టింది.

అనాథాశ్రమం సందర్శన వద్దని చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. పిల్లలు వరసగా నిలబడి పాట పాడారు. ఒక చిన్నవాడు వచ్చి నా చెయ్యి పట్టుకుని వ్యాన్ ఎక్కేదాకా వదల్లేదు. ఆ నెలలో మేం మూడో టీమ్ అట. కొత్త ఆశ్రమాల రిజిస్ట్రేషన్‌ని కెన్యా ప్రభుత్వం 2017 నవంబరులోనే ఆపేసిందని తర్వాత తెలిసింది. అక్కడ తీసిన ఫోటోలు ఎవరికీ చూపించలేదు.

కళ్లద్దాల క్యాంపు మాత్రం నిజంగా బాగా జరిగింది. కళ్లు చూసింది అక్కడి నర్సు. మేం పేర్లు రాసుకోవడం, అద్దాలు తుడిచి అందించడం, అంతే. చత్వారం వచ్చిన ఒక ముసలావిడ మేమిచ్చిన అక్షరాల కార్డు పక్కన పెట్టేసింది. కొంగు ముడిలోంచి సూదీ దారమూ తీసింది. 2 పవర్‌తో రెండుసార్లు తప్పింది. 2.5 పెట్టగానే దారం కొస తడిపి ఒక్కసారికే ఎక్కించేసింది. “ఎరోకమనో” అంది, ధన్యవాదాలని. వెంటనే ఆ అద్దాలు తీసి పక్కావిడ కళ్లకి పెట్టి, సూది ఆవిడ చేతికిచ్చింది.

నైవాషా లాడ్జి అందంగా ఉంది. రాత్రిళ్లు నీటిగుర్రాలు గడ్డి మేయడానికి పచ్చికలోకి వస్తాయి, గది దాకా కాపలా మనిషి టార్చితో తోడొస్తాడు. మా కార్యక్రమంలో దాన్ని ‘విశ్రాంతి, మనన సమయం’ అని రాశారు. ఆ రెండు రాత్రుల డబ్బు పల్లెలో మంచం ఇచ్చినావిడకి ఇచ్చి, మేం నైరోబీ వెళ్లిపోయుంటే బాగుండేది.

మళ్లీ వెళ్తారా అంటే, ఆ పాస్టర్‌గారు పిలిస్తే వెళ్తాను, ఆ నిర్వాహకులతో మాత్రం వెళ్లను. వచ్చాక ఆయనకి మెసేజ్ పెట్టాను, ఈసారి 2, 2.5 అద్దాలు ఎన్ని తేవాలని. మోసుకురానక్కర్లేదు, కిసుము బజార్లోనే దొరుకుతాయి, ఎం-పెసాలో, అంటే ఫోన్ ద్వారా, డబ్బు పంపితే చాలన్నారు. టీ షర్టులు రెండు సూట్‌కేసులు ఇంకా వాళ్ల ఆఫీసు గదిలోనే ఉన్నాయట, ఏం చేయమంటారని అడిగారు.