క్యాష్‌లెస్ అంటే అడ్మిట్ అయితేనే అట: ఎం.ఎస్. మొత్తం వాడిన స్టూడెంట్ పాలసీ

అమెరికాలో నా ఎం.ఎస్. అంతా ఇండియాలో కొన్న స్టూడెంట్ ట్రావెల్ పాలసీతోనే గడిచింది. ప్రీమియం, కవర్ సంగతులు ఏజెంటు ఎలాగూ చెప్తాడు. నాకు ఒళ్లు మండింది ఒక్క మాట దగ్గరే: క్యాష్‌లెస్, అంటే మనం చేతి నుంచి కట్టకుండా ఇన్సూరెన్స్ కంపెనీయే హాస్పిటల్‌కు నేరుగా కట్టడం.

ఓ రాత్రి మంచు పట్టిన మెట్ల మీద కాలు జారి చీలమండ వాచిపోతే ఎమర్జెన్సీకి వెళ్లాను. ఎక్స్‌రే తీసి, విరగలేదని చెప్పి, కట్టు కట్టి పంపేశారు. కౌంటర్లో అమ్మాయి నా ఇన్సూరెన్స్ కార్డు అటూ ఇటూ తిప్పి చూసి, కాపీ తీసుకుని ఇచ్చేసింది. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే, "అడ్మిట్ అయితేనే క్యాష్‌లెస్ సర్, దీనికి మీరు కట్టి క్లెయిం పెట్టుకోండి" అన్నారు. కొన్నాళ్లకు హాస్పిటల్ బిల్లు వచ్చింది. అంతేనా అనుకునేలోపు డాక్టరు బిల్లు విడిగా, ఎక్స్‌రే చూసినాయన బిల్లు ఇంకో కవర్లో దిగాయి. అక్కడ అది మామూలేనట.

అసలు తలనొప్పి కాగితాలతో. మామూలు బిల్లు చాలదు, క్లెయింకు హాస్పిటల్ నుంచి యూబీ-04, డాక్టర్ల నుంచి సీఎంఎస్-1500 అనే బిల్లింగ్ ఫారాలు తెమ్మన్నారు ఇన్సూరెన్స్ వాళ్లు. జబ్బు కోడ్లు, చికిత్స కోడ్లు ఉండేది వాటిలోనే. హాస్పిటల్ బిల్లింగ్ ఆఫీసేమో అవి పేషెంట్ల చేతికి ఇవ్వమంది. ఇద్దరినీ ఒకే కాల్‌లో కలిపితే గానీ పని కదల్లేదు. ఈలోగా బాకీని వసూలు చేసే కలెక్షన్ ఏజెన్సీకి అప్పగిస్తామని ఉత్తరం! టెన్షన్ పడి క్రెడిట్ కార్డు గీకేశాను.

డబ్బు వచ్చింది, డిడక్టిబుల్ (క్లెయింలో మన వాటాగా మనమే భరించాల్సిన మొత్తం) పోను దాదాపు మొత్తం. కాకపోతే రూపాయల్లో, విజయవాడలో నాన్న ఖాతాలోకి. ఇక్కడ కార్డుకు డాలర్లలో కట్టిన వడ్డీ ఎవరిస్తారు?

వచ్చిన కొత్తలో బ్యాగు ఆలస్యమైతే, బ్యాగు రాలేదని ఎయిర్‌లైన్ రాసిచ్చిన పీఐఆర్ కాగితం, కొన్న బట్టల బిల్లులు పంపగానే సెటిల్ చేశారు. ఆ ఊపులో జూనియర్లందరికీ ఇదే తీసుకోమన్నాను. బ్యాగు వరకు ఆ మాట ఇప్పటికీ అంటాను.

జె-1 (ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాం వీసా) వాళ్లకు కవర్ కనీసం లక్ష డాలర్లు ఉండాలి, డిడక్టిబుల్ 500 డాలర్లు దాటకూడదు అన్న రూల్ ఉంది. నాలాంటి ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు యూనివర్సిటీ ఏం చెప్తే అదే. మా యూనివర్సిటీ వాళ్లు బయటి పాలసీ ఒప్పుకున్నారు, నాకు రోజూ మింగే మందుల్లేవు, కార్డులో లిమిట్ ఉంది. యూనివర్సిటీ ప్లాన్ రేటు చూస్తే మళ్లీ ఇదే కొంటానేమో. ఆస్తమా, షుగర్ లాంటివి ఉన్నవాళ్లు మాత్రం, పాత జబ్బుల గురించి పాలసీలో ఏం రాశారో చదివాకే ఏజెంటుకు డబ్బు కట్టండి.