రాయగడ సరిహద్దులో ఆర్థిక పరిశోధన: విదేశీ విరాళమా, సీఎస్‌ఆర్ నిధులా?

ఒడిశాలోని పర్లాకిమిడి, రాయగడ సంతల్లో జీడిపిక్కల ధరలపై సర్వే చేసే చిన్న సంస్థకు నిధుల దారులు రెండు: విదేశీ విరాళం, కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్‌ఆర్ సొమ్ము. వీటిలో మొదటిదే కష్టం. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదుకు సంస్థకు 3 ఏళ్ల వయసు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు పనిపై 15 లక్షల ఖర్చు ఉండాలి. విదేశీ సొమ్ము మొదట ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలోని ఖాతాలోనే పడాలి. నేరుగా రాయగడ ఖాతాలో వేయించుకుంటే ఉల్లంఘనే.

2020 సవరణతో పరిపాలనా ఖర్చు పరిమితి 50 నుంచి 20 శాతానికి తగ్గింది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. ప్రధానంగా పరిశోధన చేసే సంస్థలో క్షేత్ర సమాచారం సేకరించే, విశ్లేషించే వాళ్ల జీతం ఆ 20 శాతంలోకి రాదు. ఒడియా, సవర భాషల్లో ప్రశ్నలడిగే కుర్రాళ్ల కూలీని 'ఆఫీసు జీతాలు' పద్దులో రాస్తే మాత్రం పరిమితి దాటిపోతుంది. పద్దు విడిగా పెట్టండి, హాజరు పట్టీ జతచేయండి.

సీఎస్‌ఆర్‌కు సీఎస్‌ఆర్-1 అనే ఫారంతో నమోదు కావాలి. అయితే కంపెనీల చట్టం 7వ షెడ్యూల్లో 'విధాన పరిశోధన' అనే మాట లేదు. ప్రతిపాదనను గ్రామీణాభివృద్ధికో జీవనోపాధికో ముడిపెట్టాలి.

ధరల సర్వేకు సీఎస్‌ఆరే మేలు. బాక్సైట్ నిర్వాసితుల అధ్యయనానికి గని కంపెనీ సొమ్ము మాత్రం వద్దు. ఊరివాళ్లు నోరు విప్పరు. ఎవరి నిధి తీసుకున్నా నివేదికను ముందుగా దిద్దే హక్కు దాతకు లేదని ఒప్పందంలో రాయించుకోండి.