ఆటోనగర్‌లో వైపర్ మోటారు మార్పించుకున్నా: 2,800 రూపాయలు, ఒక పూట

ముందు లెక్క చెప్పేస్తా. మోటారు 2,100, బుష్షులు 120, కూలి 600. మొత్తం 2,820 అయితే మెకానిక్ ఇరవై వదిలేశాడు, 2,800తో అయిపోయింది. ఉదయం పదిన్నరకి బండి పెడితే సాయంత్రం నాలుగున్నరకి చేతికొచ్చింది. అందులో అసలు పని మహా అయితే రెండున్నర గంటలు. మిగతాదంతా నేను లారీ టైరు మీద కూచుని ఎదురుచూడ్డమే. ఆ టైరు సంగతి తర్వాత చెప్తా.

నాది బెజవాడ పటమటలో బ్లౌజుల షాపు. కుట్టుపని, ఫాల్, పికో, మగ్గం వర్కు. మంగళగిరి వెళ్లి నేత చీరలు తెచ్చుకుంటా, గుంటూరులో ఉన్న పెద్ద కస్టమర్లకి నేనే పట్టుకెళ్లి ఇచ్చొస్తా. దానికోసమే 2025 సంక్రాంతి వెళ్లాక ఒక చిన్నకారు కొన్నా. 2013 మోడల్, పెట్రోలు, సెకండ్ హ్యాండు. కంపెనీ పేరెందుకులెండి, బండి తప్పేం లేదు.

శ్రావణంలో ఒక పెళ్లివాళ్లకి పదకొండు బ్లౌజులు ఇవ్వడానికి గుంటూరు బయల్దేరా. కాజ టోల్‌గేటు దాటి నంబూరు ఇంకా రాలేదు, కుండపోత. అప్పటికి పదిరోజుల నుంచీ వైపర్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నాయి, నేనే పట్టించుకోలేదు. ఆ వానలో నాలుగుసార్లు అటూ ఇటూ కొట్టి, సరిగ్గా నా కళ్లెదురుగా అద్దం మధ్యలో ఆగిపోయాయి. ముందు ఏమీ కనపడదు, వెనక లారీల హారన్లు. ఎలాగో పక్కకి తీసి ఒక టీ బంకు ముందు ఆపా.

అక్కడ టీ తాగుతున్న లారీ డ్రైవరొకాయన చూసి, జేబులోంచి ఖైనీ తీసి అరచేతిలో తడిపి, నా వైపు అద్దమంతా రుద్దేశాడు. నీళ్లు చుక్కలు చుక్కలుగా నిలబడకుండా పల్చగా పొరలాగా జారిపోవడం మొదలైంది. దారి కనపడిందిగానీ బండి నిండా పొగాకు కంపు. పదకొండు పట్టు బ్లౌజుల్నీ డిక్కీలోకి మార్చి రెండో గేరులో గుంటూరు చేరా. ఇంకో విచిత్రం, పావుగంటయ్యాక వైపర్లు వాటంతటవే కదిలాయి, ఐదారుసార్లు తిరిగి మళ్లీ ఆగిపోయాయి. దెయ్యం పట్టిందేమో అనుకున్నా. దానికీ కారణం ఉందని ఆటోనగర్లోనే తెలిసింది.

మర్నాడు కంపెనీ సర్వీస్ సెంటర్‌కి వెళ్లా. ఏసీ గది, కాఫీ, అన్నీ బాగున్నాయి. బానెట్ ఎత్తకుండానే టాబ్‌లో టకటకా కొట్టి "మోటారూ, కింద రాడ్ల సెట్టూ మొత్తం మార్చాలి మేడం, 6,400 అవుద్ది, పార్టు రావడానికి నాలుగు రోజులు" అన్నాడు ఆ కుర్రాడు. రాడ్లెందుకు మార్చాలని అడిగితే, "సార్ నంబరివ్వండి, సార్‌కి ఎక్స్‌ప్లెయిన్ చేస్తా" అన్నాడు. మా సార్‌కి స్కూటీలో పెట్రోలు ఎక్కడ పోయాలో కూడా నేనే చూపించాలి. బండి నా పేరున ఉంది, లోను నేను కడుతున్నా. లేచి వచ్చేశా. మా వీధి చివర ఎలక్ట్రీషియన్ కూడా చూడకుండానే "మోటారు పోయిందమ్మా, పాతదొకటి తొమ్మిది వందలకి తెచ్చి బిగిస్తా" అన్నాడు. చూడకుండా చెప్పేవాళ్లు ఇద్దరయ్యారు.

మూడోది ఈ షెడ్డు. జవహర్ ఆటోనగర్లో వంద అడుగుల రోడ్డు దాటి లోపలికెళ్తే లారీ బాడీలు కట్టే వరస ఉంది కదా, దాని వెనక సందులో. బోర్డు మీద పేరు ఎండకి వెలిసిపోయి "ఆటో ఎలక్ట్రికల్స్" అన్న ముక్క ఒక్కటే మిగిలింది. పెద్దాయనకి అరవై దాకా ఉంటాయి, అందరూ భాయ్ అంటారు, నేనూ అలాగే పిలిచా. "కూచో అమ్మా, చూద్దాం" అన్నాడు. ఆ 'చూద్దాం' కోసమే ఈ రివ్యూ రాస్తున్నా.

మొదట ఫ్యూజు తీసి వెలుతురుకి ఎదురు పెట్టి చూశాడు, బాగానే ఉంది. తర్వాత మోటారు దగ్గర వైర్లు కలిసే కప్లర్ ఊడబీకి, బల్బు బిగించిన వైరుముక్కని అందులో గుచ్చి, నన్ను స్విచ్ వెయ్యమన్నాడు. బల్బు వెలిగింది. "ఇక్కడిదాకా కరెంటొస్తోంది. స్విచ్ మంచిదే, వైరు మంచిదే" అన్నాడు. ఇక పైన విప్పాలి. వైపర్ చేతుల్ని సుత్తితో కొట్టకుండా చిన్న పుల్లర్ పెట్టి లాగాడు. అంతకుముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగుతాయో టేపుముక్కలు అంటించి గుర్తుపెట్టాడు. స్ప్రింగున్న వైపర్ చెయ్యి జారి అద్దం మీద పడితే పగులుద్దని ఏదైనా గుడ్డ అడిగితే, నా సంచిలో ఉన్న లైనింగ్ ముక్క మడతలేసి ఇచ్చా. పది నంబరు పానాతో బోల్టులు తీసి, అద్దం కింద ఉండే నల్ల ప్లాస్టిక్ గ్రిల్లు ఎత్తాడు.

చూసి నాకు సిగ్గేసింది. లోపల ఒక అంగుళం మందాన నల్లటి పేడలాంటిది, తడి తడిగా. వేలితో కెలికితే వేపాకు ఈనెలు. మా షాపు ముందు వేపచెట్టుంది, ఆ నీడనే బండి పెడతా. చలికాలం పోయాక రాలిన ఆకు, ఉగాది ముందు రాలిన పూత, అన్నీ గ్రిల్లు సందుల్లోంచి దిగి నీళ్లు పోయే కంతని మూసేశాయి. ఆ నీళ్లు అక్కడే తొట్టిలాగా నిలబడి మోటారు సగం మునుగుతోంది. పచ్చట్లో వేసుకోవాల్సిన పూత మోటారుని తినేసిందన్నమాట.

మోటారు ఒంటిమీద తుప్పు చూసి భాయ్ నా మొహంలోకి చూశాడు. "అమ్మా, ఇది సింగ్‌నగర్ బండి కాదు కదా?" అన్నాడు. నా గుండె జారింది. 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగినప్పుడు కార్లు నీళ్లల్లో ఉండిపోయాయి కదా. మా దగ్గర హుక్కులు కుట్టే అమ్మాయి ఇల్లు కూడా అక్కడే, మూడు రోజులు మేడ మీదే ఉన్నారు. ఆ తర్వాత కొన్నాళ్లకే నేను బండి కొన్నా. కడిగి, పాలిష్ పెట్టి నాకు అంటగట్టారా?

ఆయన పనాపి, డ్రైవర్ సీటు బెల్టు చివరికంటా లాగాడు. మామూలుగా మనం లాగే దానికంటే ఇంకా మూరెడు వస్తుంది, మునిగిన బండికి ఆ చివర్లో బురద మరక ఉంటుందట, దాన్ని కడగాలన్న ఆలోచన ఎవరికీ రాదట. తెల్లగా ఉంది. తర్వాత సీటు కింద పట్టాలు, వాటి బోల్టులు చూశాడు. కార్పెట్ ఒక మూల ఎత్తాడు. డిక్కీలో స్టెప్నీ తీసి ఆ గుంట తడిమాడు. "కాదులే అమ్మా, ఇది చెట్టు చేసిన పనే" అన్నాడు. దీనికి పైసా తీసుకోలేదు. నేను బండి కొనేటప్పుడు ఇది చెప్పినవాళ్లు ఒక్కరు లేరు. బెజవాడలో సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు ముందు ఆ బెల్టు లాగి చూసుకోండి.

ఇక మోటారు. దాని నుంచి రాడ్లు విడదీసి, వైపర్లు తిరిగే ఇరుసులు ఒక్కొక్కటీ నన్నే తిప్పి చూడమన్నాడు. ఎడమది వేలితో తిరిగింది. డ్రైవర్ వైపుది రెండు చేతులా పట్టుకున్నా కదల్లేదు, లోపల గ్రీజు ఎండి తుప్పుతో బిగుసుకుపోయింది. మోటారు దాన్ని లాగలేక వేడెక్కుతోంది. మరీ వేడెక్కితే కాలిపోకుండా లోపలే కరెంటు ఆపేసే ఏర్పాటుంటుంది, చల్లారాక మళ్లీ కలుస్తుంది. నంబూరు దగ్గర నాకు పట్టిన దెయ్యం ఇదే. "ఇరుసు చూడకుండా కొత్త మోటారు బిగిస్తే ఏడాదిలో అదీ కాలిపోద్ది" అన్నాడు. వీధి చివర తొమ్మిది వందలు పెట్టి ఉంటే సరిగ్గా అదే జరిగేది.

పాత మోటారు విప్పి చూపించాడు. ఇక్కడ నాకు భలే సరదా వేసింది, ఎందుకంటే సగం నాకు తెలిసిందే. కుట్టు మిషన్ మోటారులో ఉన్నట్టే కార్బన్లు, అంటే తిరిగే భాగానికి కరెంటు అందించే బొగ్గు ముక్కలు. మిషన్‌కి రెండు, దీనికి మూడు. ఒకటి మెల్లగా తిరగడానికి, ఒకటి జోరుగా తిరగడానికి, ఒకటి రెంటికీ ఉమ్మడి. పక్కనే ఒక పళ్ల చక్రం. మనం మిషన్ తొక్కితే పాదం ముందుకీ వెనక్కీ ఊగి చక్రం గుండ్రంగా తిరుగుతుంది కదా, ఇది దానికి తిరగేసిన పని. మోటారు గుండ్రంగా తిరుగుతుంది, రాడ్లు దాన్ని అటూ ఇటూ ఊపుగా మారుస్తాయి. నేను ఈ మాటంటే భాయ్ నవ్వి, "పాతికేళ్ల నుంచి దీన్ని ఎట్టా చెప్పాలో తెలీలా నాకు" అన్నాడు.

కార్బన్లు గోరంత మిగిలాయి. అవి మారిస్తే 350తో పోయేది. కానీ ఆర్మేచర్, అంటే మోటారులో తిరిగే భాగం, దాని మీద రాగి గుంటలు పడింది, వైపర్లు అద్దం అడుగున వచ్చి ఆగేలా చేసే రేకు పచ్చగా చిలుం పట్టింది. "కార్బన్లేస్తా అంటే వేస్తా, ఈ వానాకాలం వరకు నడుస్తాయి, ఆపైన నాకు పూచీ లేదు" అన్నాడు. కొత్తదే వెయ్యమన్నా. పక్క సందులో స్పేర్ పార్ట్స్ కొట్టుకి నన్నే పంపాడు, డబ్బులు అక్కడే కట్టా, బిల్లు నా పేరున, ఆరు నెలల వారంటీ. ఇరుసు ఊడదీసి, కిరసనాయిలు పోసి, సాన కాగితం పట్టి, గ్రీజు పెట్టి నిలబెట్టాడు. రాడ్ల సెట్టు మార్చలేదు, బుష్షులు రెండు మార్చాడంతే.

ఇప్పుడు తిట్లు. నేను వెళ్లింది శుక్రవారం. పన్నెండున్నరకి భాయ్ నమాజుకి వెళ్లి, భోంచేసి, రెండున్నరకి వచ్చాడు. తప్పు పట్టను, కానీ బండి పెట్టేటప్పుడే చెబితే నేను షాపుకెళ్లి రెండు బ్లౌజులు కత్తిరించుకునేదాన్ని. కూచోడానికి లారీ టైరే కుర్చీ, చీరకి నల్లటి గుండ్రం ముద్ర పడింది, ఇప్పటికీ పోలేదు. ఆడవాళ్లకి బాత్‌రూమ్ అన్నది ఆ సందు మొత్తంలో లేదు. కూలికి బిల్లుండదు, చీటీ కూడా ఇవ్వడు.

ఇంకోటి. ఆయన లేని టైములో షెడ్డు కుర్రాడు తొందరపడి మోటారు బిగించేశాడు. స్విచ్ ఆపితే వైపర్లు అద్దం అడుగుకి రాకుండా నాలుగు వేళ్ల పైనే ఆగాయి. భాయ్ వచ్చి చూసి, ఒక్క మాట అనకుండా మళ్లీ మొత్తం విప్పాడు. కొత్త మోటారుకి ముందు ఉత్తగానే కరెంటిచ్చి, స్విచ్ ఆపితే అది తన ఇంటిచోట ఆగుతుంది, అప్పుడు రాడ్లకి కలిసే దాని చెయ్యి బిగించాలి, ఆ తర్వాతే వైపర్లు. ఆ వరస తప్పితే ఇదే గతి. గంట పోయింది. కుర్రాడి మొహం చూసి నేనూ ఊరుకున్నా, మొదటిసారి బ్లౌజుకి చెయ్యి పెట్టినవాళ్లంతా మా దగ్గర దాన్ని బాడీకి తిరగేసి కుట్టినవాళ్లే.

నెల దాటింది. వరుసగా వానలే, వారధి మీద రెండుసార్లు జోరువానలో వచ్చా, ఎక్కడా తడబడలేదు. రబ్బర్లు మాత్రం పాతవే, గీరు చప్పుడొస్తోంది. ఆయన మార్చమన్నాడు, నేనే లోభించా. అద్దం మీద నీళ్లు చిమ్మే పంపు కూడా పనిచెయ్యట్లేదని ఈ మధ్యే చూసుకున్నా, దాన్నీ ఆయన దగ్గరికే తీసుకెళ్తా, శుక్రవారం తప్పించి. బండి ఇప్పటికీ వేపచెట్టు కిందే, మా రోడ్డులో ఉన్న నీడ అదొక్కటే. శనివారం షాపు కట్టేసే ముందు గ్రిల్లు సందుల్లో పాత టూత్‌బ్రష్షు తిప్పి, చెంబుడు నీళ్లు పోసి, కింద టైరు పక్కన కారుతున్నాయో లేదో వంగి చూసుకుంటున్నా.