కీమా చీజ్ శాండ్‌విచ్ కోసం కొన్న పోత ఇనుప పెనం: ఏడాది వాడకం తర్వాత

బీఫ్ కీమా, చీజ్ పెట్టి ఇంట్లో చేసుకునే శాండ్‌విచ్ రుచి బ్రెడ్ మీద కన్నా, మసాలా మీద కన్నా, కీమా ఎలా వేగింది అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది. నేను చాలాకాలం పలుచని నాన్‌స్టిక్ పెనం మీద దీన్ని చేశాను. అర కిలో కీమా వేయగానే ఆ పెనం కాక తగ్గిపోయేది. మాంసం వేగడానికి బదులు తనలోంచి ఊరిన నీటిలో తానే ఉడికి, బూడిద రంగు పలుకులుగా మిగిలేది. ఆ తడి బ్రెడ్‌లోకి దిగి, రెండో కొరుకు నాటికే అడుగు ముక్క మెత్తబడి విడిపోయేది. ఈ ఒక్క లోపాన్ని పోగొట్టుకోవాలనే 12 అంగుళాల పోత ఇనుప పెనం, దానితో కలిపి అమ్మే ఇనుప అదుముడు బిళ్ళ కొన్నాను. ఏడాదిగా దాదాపు ప్రతి వారం ఇదే పనికి వాడుతున్నాను కాబట్టి, దీని గుణదోషాలను నమ్మకంగా చెప్పగలననుకుంటున్నాను.

మొదట గుణం. బరువుకు బరువు లెక్కిస్తే ఇనుము అల్యూమినియం పట్టుకునే వేడిలో సగమే పట్టుకుంటుంది. అయినా ఈ పెనం దాదాపు మూడున్నర కిలోలు ఉండటం వల్ల, మొత్తం మీద దానిలో నిలిచే వేడి పలుచని పెనంలో కన్నా చాలా ఎక్కువ. చల్లని కీమా పడినా ఆ నిల్వ ఒక్కసారిగా కరిగిపోదు. నీరు 100 డిగ్రీల దగ్గర ఆవిరవుతుంది కాబట్టి, అడుగున నీరు నిలిచి ఉన్నంతసేపు పెనానికి ఆనిన మాంసం ఆ వేడిని దాటలేదు. అమైనో ఆమ్లాలూ చక్కెరలూ కలిసి గోధుమ రంగునూ కమ్మని వాసననూ పుట్టించే చర్య, అంటే 1912లో ఫ్రెంచి శాస్త్రవేత్త లూయీ కమీల్ మయ్యార్ వివరించినది, చురుగ్గా సాగాలంటే సుమారు 140 డిగ్రీలు దాటాలి. ఈ పెనం మీద ఊరిన నీరు ఊరినట్టే ఆవిరైపోతుంది. నా పాత పెనం ఎన్నడూ చేయలేకపోయిన పని ఇదే.

అయితే ఇనుములో వేడి మెల్లగా పాకుతుంది. పెద్ద మంట మీద రెండు నిమిషాలు ఉంచి కాగిందనుకుంటే నడుమ మాత్రమే కాగి, అంచులు చల్లగా ఉంటాయి. మధ్యస్థమైన సెగ మీద ఏడెనిమిది నిమిషాలు ఓపిక పట్టవలసిందే. తొందరలో ఉన్నవారికి ఇది నిజమైన ఇబ్బంది. నేను ఆ సమయంలో ఉల్లిపాయలు తరుగుతాను.

నలుగురికి సరిపడే శాండ్‌విచ్‌లకు నేను తీసుకునేది 20 శాతం కొవ్వున్న కీమా, అర కిలో. కొవ్వు బాగా తక్కువగా ఉన్న కీమాను ఈ పెనం క్షమించదు: అంచులు కరకరలాడేలోగా లోపల పొడిబారుతుంది. అర కిలోనూ ఒకేసారి వేయకుండా రెండు వాయిలుగా వేస్తాను, ఎందుకంటే ఎంత బరువైన పెనమైనా కిక్కిరిస్తే ఆవిరి బయటకు పోయే దారి ఉండదు. ముద్దను వేసిన వెంటనే, అంటే మొదటి అర నిమిషంలోనే, బిళ్ళతో గట్టిగా అదిమి, తర్వాత మూడు నిమిషాలు కదపకుండా వదిలేస్తాను. ఆ మొదటి ఒత్తిడి మాంసాన్ని ఇనుముకు పూర్తిగా ఆనిస్తుంది. కొవ్వు కరగడం మొదలయ్యాక అదిమితే మాత్రం రసమంతా బయటకు పోతుంది. అడుగు ఎర్రగా పట్టు కట్టిన తర్వాత తిరగేసి, అట్లకాడ అంచుతో ముక్కలుగా విడగొడతాను. ఉప్పు చివరలోనే. ముందే ఉప్పు వేసి కలిపితే కీమాలోని మాంసకృత్తులు కరిగి ఒకదానికొకటి పట్టుకుని, పలుకులుగా విడవలసిన మాంసం సాసేజ్‌లాగా బిగుసుకుపోతుంది.

ముద్దను విడగొట్టకుండా గుండ్రని ప్యాటీగానే ఉంచదలచుకున్నవారు పక్క నుంచి థర్మామీటర్ గుచ్చి 71 డిగ్రీలు వచ్చిందో లేదో చూసుకోవాలి. మాంసాన్ని నూరినప్పుడు పైభాగాన ఉండే సూక్ష్మజీవులు ముద్ద అంతటా చేరతాయి కాబట్టి, పెద్ద ముక్కను లోపల కాస్త పచ్చిగా ఉంచవచ్చన్న సడలింపు కీమాకు వర్తించదు. పెనం చాలా వేడిగా ఉండటం వల్ల బయట త్వరగా రంగు తిరిగి, లోపల కూడా ఉడికిందన్న భ్రమ కలుగుతుంది. రంగును నమ్మకూడదు.

ఇక ఈ పెనం నన్ను ఎక్కువగా విసిగించినది బ్రెడ్ విషయంలో. మాంసానికి మేలు చేసిన గుణమే ఇక్కడ ఎదురు తిరుగుతుంది. కీమా తీయగానే అదే కాక మీద వెన్న రాసిన బ్రెడ్ పెడితే, చీజ్ మెత్తబడకముందే బ్రెడ్ నల్లగా మాడిపోతుంది. పొయ్యి ఆపినా ఇనుము ఆగదు. మొదటి నెలలో నాలుగైదు శాండ్‌విచ్‌లు ఇలా పాడయ్యాక నేను పద్ధతి మార్చాను. కీమా తీసిన తర్వాత మంట పూర్తిగా ఆపి, మిగిలిన కొవ్వును కాగితంతో తుడిచి, ఐదారు నిమిషాలు పెనాన్ని తేరుకోనిచ్చి, ఆ తర్వాత అతి సన్నని సెగ మీద బ్రెడ్ పెడుతున్నాను. పైన మూత ఉంచితే చీజ్ కరగడానికి కావలసిన వేడి పైనుంచి కూడా అందుతుంది. చివరి అర నిమిషం మూత తీసేయాలి, లేకపోతే ఆవిరి పట్టి బ్రెడ్ కరకరదనం పోతుంది. ఈ దశలో అదుముడు బిళ్ళ వాడవద్దని నా సలహా: దాని బరువుకు చీజ్ పక్కలకు జారి, పెనం మీద పడి మాడుతుంది.

చీజ్ ఎంపికలో పెనానికి పాత్ర తక్కువే అయినా, ఒక మాట చెప్పకుండా ఉండలేను. బాగా మాగిన చెడ్డార్ రుచిలో గొప్పదే కానీ ఈ వేడికి నూనె వదిలి గరుకుగా విరుగుతుంది. ప్రాసెస్డ్ చీజ్‌లో సోడియం సిట్రేట్ వంటి లవణాలు కాల్షియాన్ని పట్టుకుని కొవ్వునూ నీటినీ విడిపోనివ్వవు కాబట్టి, అది నునుపుగా కరిగి కీమా పలుకుల సందుల్లోకి దిగుతుంది. నేను ఒక్కో శాండ్‌విచ్‌కు ప్రాసెస్డ్ ముక్క ఒకటి మాంసానికి ఆనేలా, తురిమిన లేత చెడ్డార్ కొంచెం బ్రెడ్‌కు ఆనేలా పెడతాను. రెండూ కలిస్తే రుచీ, పట్టూ రెండూ దక్కుతాయి. తురుము ఇంట్లో తురుముకున్నదే మేలు, ఎందుకంటే తురిమి అమ్మే ప్యాకెట్లలో ముక్కలు అంటుకోకుండా కలిపే పిండి కరిగేటప్పుడు అడ్డు పడుతుంది.

తయారీ లోపాలు రెండు ఉన్నాయి. పిడి పొట్టిగా ఉండి, పది నిమిషాలకే పట్టుకోలేనంత కాలుతుంది. ఎదురుగా రెండో చేతికి ఆసరాగా ఇచ్చిన చెవి మరీ చిన్నది. కీమా నిండిన పెనాన్ని ఒక్క చేత్తో ఎత్తి కొవ్వు వంపడం నా వల్ల కాలేదు, అందుకే చెంచాతో తోడుతున్నాను. రెండోది, కార్ఖానాలోనే నూనె పూత వేశామని పెట్టె మీద రాసినా, ఆ పూత మొదటి వారానికే పలచబడింది. పలుచగా నూనె రాసి, వేడి ఓవెన్‌లో గంటసేపు బోర్లించి ఉంచడం మూడుసార్లు చేసిన తర్వాతే మాంసం అంటుకోవడం తగ్గింది. ఒకసారి టమాటా సాస్ పోసి కీమాను అరగంట మరిగించాను. ఆ పులుపుకు పూత అక్కడక్కడ లేచిపోయి, కూరలో ఇనుము వాసన వచ్చింది. సాస్ కావలసినవారు వేరే గిన్నెలో కాచి చివర్లో కలుపుకోవాలి.

శుభ్రం చేయడం భయపెట్టినంత కష్టమేమీ కాదు. గోరువెచ్చగా ఉండగానే వేడినీళ్లు, కొద్దిగా సబ్బు, పీచుతో కడిగి, సన్నని సెగ మీద ఆరబెట్టి, నూనె చుక్క రాస్తే మూడు నిమిషాల పని. తడిగా వదిలేస్తే మాత్రం తెల్లారేసరికి తుప్పు కనిపిస్తుంది.

మణికట్టు నొప్పి ఉన్నవారికీ, రోజూ ఒక్క శాండ్‌విచ్ మాత్రమే చేసుకునేవారికీ ఈ 12 అంగుళాల పెనాన్ని నేను సిఫారసు చేయను. వారికి 8 అంగుళాలది చాలు, త్వరగా కాగుతుంది కూడా. ముగ్గురు నలుగురికి ఒకేసారి వండేవారు నిస్సంకోచంగా తీసుకోవచ్చు. బిళ్ళను విడిగా కొననక్కర్లేదు, చిన్న పెనం అడుగు అదే పని చేస్తుంది.