నియూ దీవి తాబేలు బిళ్ళ: వెండికి వంక లేదు, రేటే ఎక్కువ

నియూ అనే దీవి పేరు మీద వచ్చిన ఔన్సు వెండి నాణెం కొన్నాను, 2014ది, హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు బొమ్మ. పసిఫిక్‌లో ఉండే ఆ దీవిలో జనం రెండు వేలు కూడా లేరు, నల్లగొండలో ఏదో ఒక కాలనీ అంత. కానీ స్టార్ వార్స్, డిస్నీ బొమ్మలతో సహా ఎన్నెన్ని నాణేలొస్తాయో వాళ్ళ పేరుతో!

పనితనం బాగుంది. 31.1 గ్రాములు, 999 వెండి, డిప్ప మీది గళ్ళు వేలికి తగులుతాయి. రెండో వైపు ఎలిజబెత్ రాణి, రెండు డాలర్లు అని విలువ. అక్కడ నడిచేది న్యూజిలాండ్ డాలరే కాబట్టి మన లెక్కన వంద రూపాయల చుట్టుపక్కల. అంత వెండిని వంద రూపాయల సరుకుకు ఎవరిస్తారు? అందుకే ఇది సంత ముఖం చూడదు. అచ్చు వేసేది కూడా అక్కడ కాదు, పేరు వాడుకున్నందుకు దీవికి కొంత సొమ్ము ముడుతుంది, అంతే. అసలు తమాషా ఏమిటంటే ఈ తాబేలు 2013 దాకా ఫిజీ పేరుతో వచ్చింది, మరుసటి ఏడాది దేశం మారింది, తాబేలు మాత్రం అదే!

మా నాయనమ్మ దాచిన నిజాం కాలపు హాలీ సిక్కా రూపాయి ఒకటుంది, చార్మినార్ బొమ్మది. వెండి 82 శాతం లోపే, అంచులు అరిగిపోయాయి, కానీ దానితో ఎవరో జొన్నలు కొన్నారు, ఎవరో కూలి ఇచ్చారు, దేవరకొండ వైపు తండాల్లో అలాంటి పాత రూపాయలకు కొక్కెం పెట్టి మెడలో వేసుకున్నారు. నాకు నాణెమంటే అది. ఈ తాబేలు బిళ్ళ అందమైన వెండి ముక్క.

వెండి రేటు మీద దాదాపు సగం అదనంగా తీసుకున్నారు. గడియారం సెంటర్ దగ్గర ఒక వెండి షాపులో ఊరికే అడిగి చూశా, ఆయన తిప్పి తిప్పి చూసి "కూర్మావతారమా సార్?" అన్నాడు, తూకం వేసి వెండి ధరే చెప్పాడు, అందులోనూ తరుగు. రాణికీ దీవికీ పైసా రాలేదు. లాభానికైతే వద్దు, బొమ్మ నచ్చితే తీసుకోండి, డబ్బా, సర్టిఫికెట్ అని రేటు పెంచితే అవి లేనిదే అడగండి.

ఇలాంటి బిళ్ళలకు తెల్ల మచ్చలు రావడం మామూలే, నాదానికి ఇంకా రాలేదు. వస్తే మాత్రం పట్టీలు తోమినట్టు చింతపండు, పళ్ళపొడి పెట్టి రుద్దకండి, గీతలు పడి కొనేవాడు కూడా ఉండడు.