ద్వారకానగర్ ఎటికెట్ క్లాసు: డెకోరమ్ పాఠం బాగుంది, మిగతాది అంతంతమాత్రం

ఇంటర్వ్యూలకు ప్రిపేర్ అయ్యేవాళ్ల కోసం విశాఖ ద్వారకానగర్‌లో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు పెడుతున్న వీకెండ్ క్లాసు గురించి రాస్తున్నాను, పేరు వద్దులెండి. ఆర్టీసీ కాంప్లెక్స్ నుంచి నడిచి వెళ్లొచ్చు, అదొక ప్లస్.

డబ్బు గిట్టుబాటైంది మాత్రం డెకోరమ్ పాఠంలోనే. ఎటికెట్ అంటే రాసిపెట్టుకున్న పద్ధతులు, ఎవరిని ముందు పరిచయం చేయాలి, ఫోర్క్ ఏ చేతిలో పట్టుకోవాలి లాంటివి. డెకోరమ్ అంటే ఆ చోటికి, ఆ సందర్భానికి తగినట్టు ఉండటం, అందుకే ఆర్కే బీచ్‌లో ఈల వేస్తే ఎవరూ పట్టించుకోరు కానీ కోర్టు హాల్లో వేస్తే డెకోరమ్ పోయినట్టే, అని మేడమ్ చెప్పిన తీరు నాకు బాగా నచ్చింది. మాట లాటిన్‌ది, గ్రీకులో 'ప్రెపోన్' (తగినది) అనే మాటకు సమానంగా రోమన్ వక్త సిసిరో దీన్ని వాడాడట. వాడుక కూడా చెప్పారు: 'మెయింటైన్ డెకోరమ్' అంటారు, సభలో, కోర్టులో ఎక్కువగా వినిపిస్తుంది, మామూలుగా బహువచనంలో వాడరు, విశేషణం డెకొరస్. స్నేహితుల మధ్య వాడితే మాత్రం వెటకారంలా ఉంటుంది, ఇది నా మాట.

ఇక మైనస్‌లు. క్లాసు టైముకి మొదలవదు (మర్యాద నేర్పే చోట!), మేడమ్ మాట్లాడుతుంటే రిసెప్షన్ ఆయన లోపలికొచ్చి ఫీజు బాకీల పేర్లు అందరి ముందూ గట్టిగా చదివాడు. నోట్స్ ఫొటోకాపీలు సగం కనపడవు. టేబుల్ మేనర్స్‌కి అంత టైమ్ అనవసరం, ఇంటర్వ్యూలో ఎవరు భోజనం పెడతారండీ? మేడమ్ బ్యాచ్ దొరికితేనే చేరండి.